షెర్రీ ఏ గ్లాసులో తాగాలి? ఎంపిక నుంచి కడగడం దాకా

షెర్రీ గ్లాసులని అమ్మేవాటిలో సగానికి సగం షెర్రీకి పనికిరావు. వేలెడంత ఎత్తు, ఇరుకు పొట్ట, బయటికి విచ్చుకున్న అంచు, అందులో మెడ దాకా నింపిన వైన్. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పేరు చెప్పగానే చాలామందికి మనసులో మెదిలే బొమ్మ ఇదే. అలా పోస్తే వాసన నిలవడానికి చోటుండదు. గ్లాసును గుండ్రంగా తిప్పుదామంటే ఒలుకుతుంది. ఏళ్ల తరబడి పీపాల్లో పెరిగిన వైన్ కాస్తా నోటికి చేరేసరికి ఘాటు తప్ప మరేమీ తెలియదు. నింద మాత్రం వైన్ మీదికి పోతుంది.

అందుకే ముందే తేల్చి చెబుతున్నాను. గ్లాసు కొనేటప్పుడు అందులో ఎంత పడుతుందని కాదు, పోశాక ఎంత ఖాళీ మిగులుతుందని చూడాలి. మరీ పెద్దది కాకుండా, మూతి కాస్త లోపలికి తిరిగిన వైట్ వైన్ గ్లాసు ఇంట్లో ఉంటే కొత్తది కొనే పనే లేదు. అందులో నాలుగో వంతు పోసుకుంటే చాలు. అది ఎందుకు చాలు, ఎప్పుడు చాలదు, కొనక తప్పకపోతే ఏది కొనాలి అన్నది ఒక్కో అడుగుగా చూద్దాం.

మొదటి అడుగు: సీసాలో ఏ రకం ఉందో చూడండి

అన్నిటినీ షెర్రీ అనే పిలుస్తున్నా, ఒక సీసాలోని వైన్‌కీ మరో సీసాలోని వైన్‌కీ ఒక్కోసారి పోలికే ఉండదు. స్పెయిన్ దక్షిణ కొసన, కాదిజ్ ప్రాంతంలో, హెరెస్ డె లా ఫ్రొంతెరా, ఎల్ ప్వెర్తో డె సాంతా మరియా, సాన్‌లూకర్ డె బర్రమెదా అనే మూడు ఊళ్ల చుట్టూ ఈ వైన్ తయారవుతుంది. అక్కడి తెల్లటి సుద్దనేలలో పండే పాలొమీనో అనే ఒక్క ద్రాక్షతోనే ఎండుగడ్డి రంగు ఫీనో చేస్తారు, ముదురు గోధుమరంగు ఒలొరోసో కూడా చేస్తారు. తేడా అంతా పీపాలో పుడుతుంది.

సుమారు 600 లీటర్లు పట్టే పీపాను నిండా నింపరు, ఆరో వంతు ఖాళీ వదిలేస్తారు. ఆల్కహాల్ 15 శాతం దగ్గర ఉన్నప్పుడు వైన్ పైన ఫ్లోర్ అనే ఈస్ట్ పొర తెల్లగా పరుచుకుంటుంది. గాలి వైన్‌ను తాకకుండా అదే మూతలా కాస్తుంది. ఊరికే కాయదు. వైన్‌లోని ఆల్కహాల్‌ను, గ్లిసరాల్‌ను తింటూ ఎసిటాల్డిహైడ్‌ను వదులుతుంది. పచ్చి యాపిల్, బాదం, పులిసిన బ్రెడ్ పిండి గుర్తొచ్చే ఫీనో వాసనలో పెద్ద వాటా దీనిదే. సాన్‌లూకర్‌లో, సముద్రపు గాలి తేమలో ఇలాగే పెరిగేది మాంజనీయా. అందులో కాస్త ఉప్పుగాలి తగిలినట్టు ఉంటుందని తాగేవాళ్లంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

ద్రాక్ష స్పిరిట్ కలిపి బలాన్ని 17 శాతానికి పెంచితే ఫ్లోర్ బతకదు. అప్పుడు వైన్ గాలి తగులుతూ రంగు ముదురుతుంది, చిక్కబడుతుంది. అది ఒలొరోసో. అక్రోటు, పొగాకు, తోలు, నారింజ తొక్క లాంటి వాసనలు అందులో వస్తాయి. కొన్నేళ్లు ఫ్లోర్ కింద ఉండి, ఆ తర్వాత గాలిలో పెరిగేది అమొంతియాదో. ముక్కుకు అమొంతియాదోలా, నోటికి ఒలొరోసోలా తోచేది పాలో కొర్తాదో. ఈ మూడింటిలోనూ ఆల్కహాల్ 22 శాతం దాకా వెళ్లొచ్చు. ఇక ఎండలో ఆరబెట్టిన ద్రాక్షతో చేసే పెద్రో హిమెనెజ్ సంగతి వేరు. దాన్ని పానకం అన్నా తప్పు లేదు. లీటరుకు కనీసం 212 గ్రాముల చక్కెర ఉండాలన్నది నియమం, 400 గ్రాములు దాటేవీ దొరుకుతాయి. ఒలొరోసోకు తీపి కలిపి చేసేది క్రీమ్ షెర్రీ.

గ్లాసు కోసం ఇదంతా ఎందుకంటే, ఈ వైన్‌లు గ్లాసును అడిగేవి వేరువేరు. ఫీనో, మాంజనీయా వాసనలు పలుచన, పైగా వాటిని చల్లగా తాగాలి. కాబట్టి ఉన్న కాస్త వాసననూ పోగుచేసి ముక్కుకు అందించే గ్లాసు కావాలి, త్వరగా వేడెక్కనివ్వనిది కావాలి. ఒలొరోసో, అమొంతియాదో, పాలో కొర్తాదోలకు వాసన దండిగా ఉంది, కానీ ఆల్కహాల్ ఘాటు దాన్ని తొక్కేయకుండా ఉండాలంటే చోటు కావాలి. పెద్రో హిమెనెజ్‌కు కావాల్సింది కొద్దిపాటి పరిమాణం. సీసా మీద రకం పేరు చదవడంతోనే సగం పని అయిపోతుంది.

రెండో అడుగు: గ్లాసును చేతిలోకి తీసుకుని కొలవండి

పేరు చూసి కొనకండి. "షెర్రీ గ్లాసు" అని రాసి ఉన్న పెట్టెలో 60 మి.లీ. పట్టేదీ ఉండొచ్చు, 200 పట్టేదీ ఉండొచ్చు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు ఉంటాయి కొన్ని. పొట్ట, మూతి, కాడ, అంచు: ఈ నాలుగు చూస్తే చాలు.

పొట్ట అంటే వైన్ నిలిచే భాగం. అంచు దాకా నీళ్లు నింపి కొలత కప్పులోకి ఒంపండి. 180 నుంచి 350 మి.లీ. మధ్య వస్తే షెర్రీకి బాగా సరిపోతుంది. 120 లోపు వస్తే దాన్ని లిక్యూర్ అనే తియ్యటి ఘాటు మద్యానికి వదిలేయండి. 500 దాటితే అది రెడ్ వైన్ గ్లాసు. అందులో 70 మి.లీ. ఫీనో పోస్తే పలుచగా అడుగంతా పరుచుకుని, పది నిమిషాల్లోనే చల్లదనం పోగొట్టుకుంటుంది.

మూతి విషయంలో రాజీ పడొద్దు. పొట్ట ఎక్కడ అన్నిటికన్నా వెడల్పో అక్కడ స్కేలు పెట్టి కొలవండి, తర్వాత మూతి కొలవండి. మూతి తప్పకుండా చిన్నదై ఉండాలి. ఎంత చిన్నదంటే, ప్రపంచమంతా రుచి పరీక్షలకు వాడే ఐఎస్ఓ గ్లాసు మంచి కొలమానం. 1977లో వెలువడిన ఐఎస్ఓ 3591 ప్రమాణం ప్రకారం దాని పొట్ట వెడల్పు 65 మి.మీ., మూతి 46 మి.మీ. అంటే మూతి పొట్టలో 70 శాతం. 70 నుంచి 80 శాతం మధ్య ఏదైనా బాగానే పనిచేస్తుంది. అంతకన్నా బిగిస్తే వాసనతో పాటు ఘాటూ పేరుకుంటుంది, తాగేటప్పుడు ముక్కు అంచుకు తగిలి తల మరీ వెనక్కి వంచాల్సి వస్తుంది.

ఆకారం అంత ముఖ్యమా, ఇదంతా గ్లాసులు అమ్ముకునేవాళ్ల మాట కాదా అని అనుమానం రావడం సహజం. గ్లాసు కంపెనీల ప్రచారంలో అతిశయోక్తి ఉన్న మాట నిజమే. ఈ గ్లాసు వైన్‌ను నాలుక మీద ఫలానా చోటికి పంపిస్తుంది లాంటి కబుర్లను నేను నమ్మను. కానీ మూతి సంగతి వేరు, దానికి ఆధారం ఉంది. టోక్యో వైద్య, దంత వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో గ్లాసు మీద కమ్ముకునే ఆల్కహాల్ ఆవిరిని ఫొటో తీసి చూపించారు. ఎంజైమ్ పూసిన జాలీని గ్లాసు మూతి మీద పెడితే, ఆవిరి ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ వెలుగు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. మూతి లోపలికి తిరిగిన వైన్ గ్లాసులో, 13 డిగ్రీల దగ్గర, ఆల్కహాల్ అంచు చుట్టూ ఉంగరంలా చేరింది, మధ్యలో పలుచగా ఉంది. అంటే మూతి మధ్యలో ముక్కు పెట్టిన మనిషికి ఘాటు తక్కువ తగిలి, వైన్ వాసన ఎక్కువ అందుతుంది. నిటారు గ్లాసులోనూ, మార్టీనీ గ్లాసులోనూ ఆ ఉంగరం ఏర్పడలేదు. వైన్ 25 డిగ్రీలకు వేడెక్కినప్పుడు వైన్ గ్లాసులో కూడా ఏర్పడలేదు. మామూలు వైన్ కన్నా ఆల్కహాల్ ఎక్కువ ఉండే షెర్రీకి ఇది మరింత వర్తిస్తుంది. గ్లాసు ఆకారం, వైన్ చల్లదనం రెండూ కలిస్తేనే పని జరుగుతుందన్న సంగతి కూడా ఇందులోనే ఉంది.

కాడ పొడుగ్గా లేకపోయినా ఫర్వాలేదు, అసలంటూ ఉంటే చాలు. చేతి వేడి పొట్టకు తగలకూడదు, అంతే. అంచు పలుచగా, నున్నగా ఉండాలి. చుట్టూ ఉబ్బుగా పూస తేలిన మందపు అంచు అయితే ఫీనో లాంటి పలుచటి వైన్ పెదవికి మొద్దుగా తగులుతుంది. రంగు గాజు వద్దు, చెక్కడపు పువ్వులూ వద్దు. ఫీనో గడ్డి రంగుకీ, అమొంతియాదో తేనె రంగుకీ మధ్య ఎన్ని ఛాయలుంటాయో చూడటం కూడా తాగడంలో భాగమే. పాత సీసపు క్రిస్టల్ గ్లాసులు ఇంట్లో ఉంటే అప్పుడప్పుడు ఒక పూట తాగడానికి వాడుకోవచ్చు, కానీ వైన్‌ను అందులో రోజుల తరబడి నిల్వ ఉంచకండి.

మూడో అడుగు: దొరికేవాటిలోంచి ఏరుకోండి

కతవీనో, లేదా కొపీతా. హెరెస్ సొంత గ్లాసు ఇది. సన్నగా, పొడుగ్గా, తులిప్ మొగ్గ ఆకారంలో ఉంటుంది. అక్కడ పీపాలు ఉంచే వైన్ గిడ్డంగుల్లో వెనెన్సియదోర్ అనే పనివాడుంటాడు. పొడవాటి, వంగే కడ్డీ చివర సన్నటి గొట్టం లాంటి కప్పు బిగించిన వెనెన్సియాను పీపాలోకి ఒక్క ఊపున దించి, ఫ్లోర్ పొర చెదరకుండా దాని కింది వైన్‌ను పైకి తీస్తాడు. తల మీదుగా ఎత్తి, నడుము దగ్గర పట్టుకున్న కతవీనోలోకి సన్నటి ధారగా వదులుతాడు. ఒక్క చేతి వేళ్ల మధ్య నాలుగైదు గ్లాసులు ఇరికించుకుని అన్నిటిలోకీ పోసేవాళ్లున్నారు. ఇది వట్టి విన్యాసం కాదు. అంత ఎత్తు నుంచి పడటంతో వైన్‌కు గాలి తగులుతుంది, వాసన విచ్చుకుంటుంది. సన్నటి గ్లాసు చేతి వేళ్ల మధ్య ఇమడటానికి, పీపా పక్కన నిలబడి గుక్కెడు రుచి చూడటానికి ఈ ఆకారం భేషుగ్గా కుదురుతుంది. భోజనం బల్ల దగ్గర కూర్చుని గంటసేపు తాగేవాళ్లకు ఇదే అత్యుత్తమం అనలేను. కొంటే 150 మి.లీ. పైన పట్టేదే కొనండి, మూడో వంతు మించి పోయకండి. చిన్న కతవీనోను నిండా నింపి ఇచ్చే రెస్టారెంట్లే ఈ గ్లాసుకు చెడ్డపేరు తెచ్చాయి.

ఐఎస్ఓ గ్లాసు. 215 మి.లీ. పడుతుంది, 50 మి.లీ. పోయాలని లెక్క. అంటే 165 మి.లీ. ఖాళీ. చవక, గట్టిది, ఒకటి పగిలితే అచ్చం అలాంటిదే మళ్లీ దొరుకుతుంది. నాలుగైదు షెర్రీలను పక్కపక్కన పెట్టి పోల్చాలనుకుంటే దీన్ని మించింది లేదు. అందం విషయంలో మాత్రం ప్రయోగశాల సామాను చూసినట్టే ఉంటుంది.

వైట్ వైన్ గ్లాసు. నా ఓటు దీనికే. హెరెస్ వైన్ గిడ్డంగుల్లోనూ, మంచి రెస్టారెంట్లలోనూ ఇవాళ షెర్రీని ఎక్కువగా ఇందులోనే పోస్తున్నారు. షెర్రీని మామూలు వైన్‌లాగే భోజనంతో తాగాలని వాళ్ల వాదన, అది సబబే. 250 నుంచి 350 మి.లీ. పట్టేది తీసుకుంటే ఫీనో నుంచి ముదురు ఒలొరోసో దాకా అన్నీ నడిచిపోతాయి. మరీ పెద్ద బెలూన్ ఆకారాలకు దూరంగా ఉండండి.

విస్కీ వాసన చూసే గ్లాసు. స్కాట్లాండ్‌లో 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ ఇంట్లో ఉంటే ఒలొరోసోకీ, పాలో కొర్తాదోకీ నిస్సంకోచంగా వాడుకోవచ్చు. విస్కీ కలిపే నిపుణులు వాసన చూడటానికి వాడే కొపీతానే దానికి ప్రేరణ, కాబట్టి పరాయి గ్లాసేమీ కాదు. దానికి కాడ లేదు, పొట్టి పాదమే ఉంది. అందుకే చల్లగా ఉండాల్సిన ఫీనోకు అంత మంచిది కాదు.

ఇక వద్దనుకోవాల్సినవి. బ్రిటన్ పబ్బుల్లో చాలాకాలం చెలామణి అయిన, నడుము నొక్కినట్టుండి అంచు బయటికి తిరిగిన ఎల్గిన్ గ్లాసు వీటిలో మొదటిది. వాసనను పోగుచేయాల్సిన చోట అది వెదజల్లుతుంది. అది ఎవరైనా కానుకగా ఇస్తే టూత్‌పిక్‌లు పెట్టుకోండి. షాంపేన్ ఫ్లూట్ చూడటానికి కతవీనోలా సన్నగా కనిపించి మోసం చేస్తుంది. నురగ బుడగలు నిలపడానికి చేసిన గొట్టం అది, ముక్కుకు చోటివ్వదు. వెడల్పాటి కూప్ గ్లాసు దానికి పూర్తి వ్యతిరేకం, వాసన అంతా గాలిలో కలిసిపోతుంది. షాట్ గ్లాసు గురించి చెప్పేదేముంది?

నాలుగో అడుగు: రకానికి తగ్గ గ్లాసు, కొలత

ఫీనోకూ మాంజనీయాకూ 200 నుంచి 300 మి.లీ. గ్లాసు, అందులో 60 నుంచి 80 మి.లీ. వైన్. చల్లదనం 6 నుంచి 9 డిగ్రీలు. ఒకేసారి ఎక్కువ పోసుకోవడం కన్నా కొంచెం కొంచెంగా రెండుసార్లు పోసుకోవడం మేలు. సీసాను మంచు, నీళ్లు కలిపిన బకెట్‌లో ఉంచితే రెండో విడత కూడా మొదటి దాని అంత చల్లగా వస్తుంది. ఫిల్టర్ పెద్దగా చేయకుండా, పీపాలో ఉన్నట్టే సీసాలోకి ఎక్కించే ఎన్ రామా రకాలు ఉంటాయి. వాటికి గ్లాసు ఒక మెట్టు పెద్దది తీసుకుని, అంత చల్లగా కాక ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచండి. మరీ చల్లగా తాగితే వాటిలో ప్రత్యేకంగా ఉన్నదే తెలియకుండా పోతుంది.

అమొంతియాదో, పాలో కొర్తాదో, ఒలొరోసో. ఇక్కడ గ్లాసు పెద్దదవ్వాలి, పోసేది తగ్గాలి. 300 నుంచి 350 మి.లీ. గ్లాసులో 50 లేదా 60 మి.లీ. చాలు, 12 నుంచి 14 డిగ్రీల దగ్గర. పోసిన వెంటనే తాగకండి, ఐదు నిమిషాలు వదిలేయండి. సగటున 20 ఏళ్లు దాటినవాటికి విఓఎస్, 30 ఏళ్లు దాటినవాటికి విఓఆర్ఎస్ అనే ముద్ర సీసా మీద ఉంటుంది. వాటి విషయంలో పరిమాణం ఇంకా తగ్గించి 40 మి.లీ. దగ్గర ఆగండి. అంత ముసలి వైన్ పీపాలో నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటూ చిక్కబడి ఉంటుంది, నోట్లో పదునుగా తగులుతుంది. చిన్న గ్లాసులో కిక్కిరిస్తే ఆ పదును తప్ప మరేదీ బయటపడదు. ఖరీదైన సీసాను చిన్న గ్లాసులో పొదుపుగా పోసుకోవాలనిపిస్తుంది గానీ, పొదుపు వైన్‌లో చేయాలి, గ్లాసులో కాదు.

పెద్రో హిమెనెజ్‌కు 30 నుంచి 50 మి.లీ. చాలు. లీటరుకు 400 గ్రాముల చక్కెర ఉన్న వైన్ 50 మి.లీ. తాగితే 20 గ్రాముల చక్కెర, అంటే దాదాపు ఐదు టీస్పూన్లు లోపలికి పోయినట్టు. షెర్రీలన్నిటిలో చిన్న గ్లాసును క్షమించేది ఇదొక్కటే. దాని ఎండుద్రాక్ష, అంజీర్, కాఫీ వాసనలు దేనిలో పోసినా గుప్పుమంటాయి. అయినా తిప్పితే గోడల మీద గోధుమరంగు తెర కట్టి నెమ్మదిగా జారే దృశ్యం కాస్త పొట్ట ఉన్న గ్లాసులోనే బాగుంటుంది. క్రీమ్ షెర్రీ మాత్రం ఒలొరోసో గ్లాసులోనే, మరికాస్త చల్లగా. ఐస్ ముక్కలు, నారింజ చెక్క వేసుకుని తాగేవాళ్లు పొట్టి టంబ్లర్ తీసుకుంటారు. దానికి అదే సరి.

ఐదో అడుగు: పోయడం, పట్టుకోవడం

గ్లాసు ఎంత మంచిదైనా నిండా పోస్తే ఎల్గిన్‌తో సమానం. పొట్ట అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న గీత దగ్గరికి, లేదా దాని కిందికే వైన్ ఆగాలి. అక్కడ వైన్ ఉపరితలం ఎక్కువ, ఆ పైన గోడలు లోపలికి వంగుతూ వాసనను ఆపుతాయి. కంటికి అలవాటయ్యేదాకా ఒకసారి కొలత కప్పుతో 60 మి.లీ. నీళ్లు పోసి ఎంత ఎత్తు వస్తుందో గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా పోసినప్పుడు పిసినారితనంగా కనిపిస్తుందేమో అని టెన్షన్ పడకండి. 15 శాతం ఉన్న ఫీనో 100 మి.లీ.లో ఎంత ఆల్కహాల్ ఉందో, 12 శాతం ఉన్న మామూలు వైన్ 125 మి.లీ.లో అంతే ఉంటుంది. 20 శాతం ఒలొరోసో అయితే 75 మి.లీ.తోనే ఆ లెక్కకు చేరిపోతుంది.

హెరెస్‌లో కతవీనోను కాడ దగ్గర కూడా పట్టుకోరు. పాదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెలో పట్టుకుంటారు. మొదట తడబడతారు గానీ రెండు మూడు సార్లకు చెయ్యి కుదురుతుంది. చేతి వేడి వైన్‌కు చేరదు, చేతికి ఏ సబ్బు వాసనో సెంటు వాసనో ఉంటే అది ముక్కుకు దూరంగా ఉంటుంది. రెండో ప్రయోజనాన్ని తక్కువ అంచనా వేయకండి, ఫీనో దగ్గర హ్యాండ్ క్రీము వాసన గెలిచి తీరుతుంది.

ఖాళీ గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచడం బీరుకు బాగుంటుందేమో, ఇక్కడ వద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, ఆ నీరు వైన్‌లో కలుస్తుంది. పైగా ఫ్రీజర్ వాసన ఒకటి. సీసాను చల్లబరచండి, గ్లాసును వదిలేయండి.

ఆరో అడుగు: మీ ముక్కుతోనే తేల్చుకోండి

ఇప్పటిదాకా చదివింది నమ్మాల్సిన పనిలేదు, ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఒకే సీసాలోంచి, ఒకే చల్లదనంలో, 50 మి.లీ. చొప్పున మూడు గ్లాసుల్లో పోయండి: ఒక చిన్న లిక్యూర్ గ్లాసు, ఒక నిటారు టంబ్లర్, ఒక వైట్ వైన్ గ్లాసు. తిప్పకుండా ముందు వాసన చూడండి. తర్వాత తిప్పడానికి వీలైనవాటిని తిప్పి మళ్లీ చూడండి. చివరగా కళ్లు మూసుకుని, వేరే ఎవరినైనా గ్లాసులు మార్చి ముక్కు దగ్గర పెట్టమనండి, లేకపోతే కంటికి నచ్చిన గ్లాసుకే ముక్కు కూడా ఓటేస్తుంది. ఈ పరీక్షకు అమొంతియాదో మంచిది. ఫ్లోర్ ఇచ్చిన పదును, గాలి ఇచ్చిన గింజల వాసన రెండూ ఉంటాయి కాబట్టి ఏ గ్లాసు దేన్ని మింగేస్తోందో తెలుస్తుంది. పావుగంట తర్వాత మూడింటినీ ఇంకోసారి చూడండి. నిటారు గ్లాసులో వాసన అప్పటికే వెలిసిపోయి ఉంటుంది.

తేడా ఏమీ తెలియలేదంటే కొత్త గ్లాసుకు ఖర్చు పెట్టకండి. ఆ డబ్బుతో ఇంకో సీసా కొనుక్కోవచ్చు.

కడగడం, దాచడం

ఫీనో చెడిపోయిందని అనుకునే సందర్భాల్లో గ్లాసే కారణమైనవి తక్కువేం కాదు. గోరువెచ్చని నీళ్లు, అవసరమైతే వాసన లేని సబ్బు ఒక్క చుక్క, ఆపైన సబ్బు జాడ పోయేదాకా నీళ్లు. పెద్రో హిమెనెజ్ తాగిన గ్లాసును మాత్రం వెంటనే కడగండి, ఆరిపోతే జిగురులా పట్టుకుంటుంది. బట్ట మెత్తగిలే సుగంధపు ద్రావణంలో ఉతికిన గుడ్డతో తుడిస్తే పడ్డ శ్రమంతా వృథా. ఉత్తి నూలు గుడ్డ ఒకటి గ్లాసులకే కేటాయించండి. పొట్టను ఒక చేత్తో, పాదాన్ని మరో చేత్తో పట్టుకుని మెలితిప్పితే కాడ విరుగుతుంది, చెయ్యి తెగుతుంది. తుడిచే భాగాన్నే పట్టుకోండి.

అల్మారాలో బోర్లించి పెట్టొద్దు. లోపల గాలి ఆడక, చెక్క వాసనో పాత కాగితం వాసనో పట్టేస్తుంది. నిలబెట్టి ఉంచండి, దుమ్ము పడితే పోసేముందు నీళ్లతో కడుక్కోవచ్చు. ఎలాగూ పోసేముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడటం మంచి అలవాటు.

ఈ సలహాలన్నీ పక్కన పెట్టే చోట్లు

హెరెస్‌లో మే నెల జాతర ఫెరియాకు వెళ్తే అక్కడెవరూ మూతి కొలవరు. అర సీసా ఫీనో, నాలుగు చిన్న కతవీనోలు బల్ల మీదికొస్తాయి. గుక్కలో అయిపోతుంది, మళ్లీ పోస్తారు. వైన్ గ్లాసులో రెండు నిమిషాలు కూడా ఉండదు కాబట్టి వేడెక్కే ప్రశ్నే లేదు. ఆ వేగానికి చిన్న గ్లాసే న్యాయం. టబాంకో అని పిలిచే అక్కడి పాత షెర్రీ కొట్టుల్లో పీపా నుంచి నేరుగా పోసి ఇచ్చేదీ అంతే, ఏ గ్లాసులో ఇస్తే అందులో తాగాలి.

మాంజనీయాలోనో ఫీనోలోనో నిమ్మ సోడా, పుదీనా, ఐస్ కలిపే రెబుహీతోకు జగ్గు, మామూలు గ్లాసులు కావాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో ఊపేసిన షెర్రీ కోబ్లర్‌కు నలిపిన మంచు నిండిన పొడుగు గ్లాసు, స్ట్రా కావాలి. ఐస్, చక్కెర చేరాక తులిప్ ఆకారానికి చేసే పనేమీ మిగలదు.

ఒకే గ్లాసుతో వరుసగా తాగాలంటే

ఇంట్లో మనిషికి ఒక్క మంచి గ్లాసే ఉండి, మూడు నాలుగు షెర్రీలు రుచి చూడాలనుకుంటే వరుస పాటించండి: ఫీనో లేదా మాంజనీయా, అమొంతియాదో, పాలో కొర్తాదో, ఒలొరోసో, క్రీమ్, చివరన పెద్రో హిమెనెజ్. రంగు లేతగా ఉన్నదాని నుంచి ముదురుకు, తీపి లేనిదాని నుంచి తీపికి. మధ్యలో నీళ్లతో కడిగితే తడి మిగిలి తర్వాతి వైన్‌ను పలుచన చేస్తుంది. అందుకు బదులు రాబోయే వైన్‌నే ఒక చెంచాడు పోసి, గ్లాసు లోపలంతా తగిలేలా తిప్పి పారబోయండి. అప్పుడు అసలు వైన్ పోసుకోండి. పెద్రో హిమెనెజ్ తర్వాత మళ్లీ ఫీనో కావాలనిపిస్తే ఈ చిట్కా పనిచేయదు. గ్లాసు వేడినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు మొదలుపెట్టండి.